ఆఫ్రికా మాస్కులు: ఆడినవేవి? అమ్ముటకు చెక్కినవేవి?

ఆఫ్రికా మాస్కు అనగానే గోడకు వ్రేలాడు నల్లని కొయ్యముఖమొకటి మన కన్నుల ముందు మెదలును. విమానాశ్రయముల దుకాణములలో, పెద్ద హోటళ్ల ముంగిళ్లలో, ఇప్పుడు మన నగరములలోని అలంకారవస్తువుల అంగళ్లలో సైతము ఇట్టివి కనబడుచున్నవి. పొడవైన ముక్కు, సగము మూసిన కన్నులు, నూనె రాసినట్టి మెరుగు - పైకి అన్నియు ఒక్కతీరే. వీనిలో ఒక గ్రామమువారు తమ ఉత్సవమునకో, ఉత్తరక్రియలకో ధరించి ఆడినదేది? ప్రయాణికునకు జ్ఞాపికగా అమ్ముటకై చెక్కినదేది?

ఈ ప్రశ్న ఉబుసుపోకకు వేసినది కాదు. 2021వ సంవత్సరమున ఫ్రాన్సు దేశములో వృద్ధదంపతులొకరు ఇల్లు ఖాళీ చేయుచు, అక్కరలేదని తోచిన ఒక కొయ్యమాస్కును పాతసామానుల వర్తకునకు 150 యూరోలకు అమ్మిరి. మరుసటి సంవత్సరము మార్చి నెలలో మోంపెల్యే నగరమున జరిగిన వేలములో అదే మాస్కు 42 లక్షల యూరోలు పలికెను. అది మధ్య ఆఫ్రికాలోని గాబన్ దేశమునకు చెందిన ఫాంగ్ జాతివారిది. వారిలో ‘న్గిల్’ అను సమాజమొకటి ఉండెడిది. గ్రామములలో తగవులు తీర్చుట, క్షుద్రప్రయోగములు చేయువారిని పట్టుకొనుట దాని పని. ఫ్రెంచి వలసపాలకులు ఆ సమాజమును అణచివేయగా ఆ మాస్కుల అవసరము కూడ తీరిపోయినది. అందుచేత నేడు మిగిలినవి వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని. వృద్ధదంపతులు న్యాయస్థానమునకు వెళ్లిరి. మాస్కు తమ దేశమునకు చేరవలసినదని గాబన్ ప్రభుత్వమును ఆ వ్యాజ్యములో చేరెను. 2023 డిసెంబరులో ఆలెస్ నగర న్యాయస్థానము ఉభయుల కోరికలను త్రోసివేసెను. అమ్మిననాడును, వేలమునాడును కొయ్య ఒక్కటే. దానిని చూచిన కన్నులు మాత్రము వేరు.

మొదట ‘అసలైన’ మాస్కు అన్న మాటకు అర్థమేమో చూడవలెను. మ్యూజియములవారును, సేకరించువారును సాధారణముగా మూడు విషయములు కోరుదురు. చేసినవాడు ఆ జాతి సంప్రదాయమెరిగిన శిల్పి కావలెను. తనవారి ఉపయోగమునకే దానిని చేసియుండవలెను. అది నిజముగా ఉపయోగింపబడి యుండవలెను. ఇందులో వయస్సు అన్న మాటయే లేదని పాఠకులు గమనింతురు గాక. నిరుడు చెక్కి ఈ ఏడు ఆడిన మాస్కు అసలైనదే. నూరేండ్ల క్రిందట ఒక దొరగారికి అమ్ముటకు చెక్కినది జ్ఞాపికయే.

మరియొక చిక్కు కలదు. మనము మాస్కు అనుకొను కొయ్యముఖము పూర్తి మాస్కు కాదు. ఐవరీ కోస్టు, లైబీరియా దేశములలో నివసించు డాన్ జాతివారికి మాస్కు ఒక ఆత్మ. అడవిలోనుండు ఆత్మ మనుష్యులకు మేలుచేయగోరి ఆ రూపమున వచ్చునని వారి నమ్మకము. కొయ్యముఖము, నారతో చేసిన దుస్తు, తలపాగ, దాని నడక, దాని పాట, వెంటవచ్చు పరివారము - ఇవన్నియు కలిసి ఒక వ్యక్తి. ఐరోపావారు సేకరించునప్పుడు నార, గుడ్డ చాలవరకు వదలివేసి కొయ్యను మాత్రము పట్టుకొనిపోయిరి. కొయ్య తేలికగా పెట్టెలో పట్టును. గోడకు వ్రేలాడదీయుటకును వీలు. ఇట్లు వ్రేలాడదీయుట అలవాటైన తరువాతనే, గోడ కొరకే మాస్కు చెక్కుటయు మొదలైనది.

మాస్కు కొనువాడు దాని ముందువైపు చూచును. ఎరిగినవాడు వెంటనే వెనుకకు త్రిప్పును. పదిమార్లు ఆడిన మాస్కు లోపలివైపున నుదురు, చెక్కిళ్లు, గడ్డము తగులు చోట్ల కొయ్య నునుపెక్కి, చెమట, నూనె పట్టి నల్లబడును. తగులని పల్లములలో ఆ నునుపు ఉండదు. ఈ తేడాయే ముఖ్యము. అమ్మకమునకు చేసినదానికి లోపలంతయు ఒక్క తీరుగా రంగు పూసియుందురు. లేదా పచ్చికొయ్య అట్లే కనబడుచుండును. అంచు చుట్టునున్న రంధ్రములను కూడ చూడవలెను. దుస్తును కట్టిన త్రాడు లాగిన దిక్కుననే రంధ్రపు అంచు అరుగును. మన బావి గిలకపై చేంతాడు చేసిన గాడిని చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. జ్ఞాపికకు చాలసార్లు అంచున రంధ్రములే ఉండవు. నెత్తిమీద మేకునకు తగిలించుటకు ఒక్కటి మాత్రముండును.

కన్నుల రంధ్రములు లేనిదెల్ల నకిలీ అనుకొనుట మాత్రము తొందరపాటు. నైజీరియా, బెనిన్ దేశములలోని యొరుబావారి గెలెడె మాస్కును తలపైన టోపీవలె పెట్టుకొందురు. ఆడువాని ముఖమును పలుచని గుడ్డ కప్పును. వాడు ఆ గుడ్డలోనుండి చూచును గనుక కొయ్యకు కన్ను తెరువనక్కరలేదు.

బరువు మంచి సాక్షి. ఎండలో గంటలకొలది గెంతులు వేయవలసినవాడు తలపై బరువు పెట్టుకొనడు. పశ్చిమ ఆఫ్రికాలో శిల్పులు బూరుగు మొదలైన తేలిక కొయ్యలను ఎక్కువగా వాడుదురు. మన తెల్లబూరుగయు, అక్కడి బూరుగయు ఒకే జాతి చెట్టు. వారు వాడు ఆల్‌స్టోనియా మన ఏడాకుల పాలచెట్టునకు దగ్గర చుట్టము. కొండపల్లి బొమ్మకు తెల్లపొణికిని ఎన్నుకొన్న వడ్రంగి ఆలోచనయే అక్కడి శిల్పిదియు: పచ్చిగా ఉన్నప్పుడు వెన్నవలె తెగవలెను, ఆరిన తరువాత చేతికి బరువు తోచరాదు. తూర్పు ఆఫ్రికా దుకాణములలో అమ్ము నల్లకొయ్య మాస్కు దీనికి పూర్తిగా భిన్నము. ఆ కొయ్య మన జిట్రేగి కుటుంబములోనిదే గాని, దాని చేవ నీటిలో మునుగునంత బరువు. అట్టిదానిని ముఖమునకు కట్టుకొని ఎవరును ఆడలేరు.

నైరోబీ అంగళ్లలో ‘మసాయి మాస్కు’ అని అమ్ము వస్తువుల కథ ఇంకను విచిత్రము. పశువులను మేపుకొను మసాయివారికి కొయ్యమాస్కులు ధరించు సంప్రదాయమే లేదు. లేని ఆచారమునకు చేసిన మాస్కు అన్నమాట! వీనిని చెక్కువారిలో పెక్కుమంది కంబా జాతివారు. మొదటి ప్రపంచయుద్ధకాలమున ముత్స్యా ముంగె అను కంబా వడ్రంగి టాంగన్యీకాకు వెళ్లి, అక్కడి జరామోవారి చెక్కడపు పనిని చూచి నేర్చుకొని, స్వగ్రామమైన వమున్యూకు తిరిగివచ్చి పని మొదలుపెట్టెను. ఆయననుండి ఊరికి, ఊరినుండి జిల్లాకు ఆ వృత్తి వ్యాపించినది. ఒక గ్రామపు యువకులకు అన్నము పెట్టిన వృత్తిని నేను తక్కువచేసి చెప్పజాలను. అయితే దానిని ప్రాచీన మతాచారమునకు ముడిపెట్టి అమ్ముట వేరు సంగతి.

ఇక నకిలీలు చేయువారి నేర్పు. కొత్త మాస్కునకు వయస్సు తెచ్చుటకు దానిని బురదలో పాతిపెట్టుదురు. వంటింటి పొగలో వ్రేలాడదీయుదురు. చెదపుట్ట దగ్గర ఉంచుదురు. కోలా కాయల రసము, మసి, నూనె పట్టింతురు. ఐవరీ కోస్టులోని అబిద్జాన్ బజారులలో వర్తకులతో కలిసి తిరిగి, అమెరికా మానవశాస్త్రవేత్త క్రిస్టఫర్ స్టైనర్ 1994లో ప్రకటించిన గ్రంథములో ఈ వ్యాపారపు లోగుట్టు చాల తెలియవచ్చును. కొనువాడు ఏది చూచి మురియునో వర్తకునకు బాగుగ తెలియును. పగులు కోరువానికి పగులు, మకిలి కోరువానికి మకిలి దొరకును. కామెరూన్ దేశములోని ఫుంబాన్ పట్టణము కూడ పాతవానివలె కనబడు కొత్తవస్తువులకు పేరుపొందినది.

ఇచ్చట పురుగు మనకు సాయము చేయును. కొయ్యను తొలుచు పెంకిపురుగు డింభకము లోపల సొరంగములు చేసికొనుచు పెరిగి, పెద్దదై, ఉపరితలమునకు గుండ్రని చిన్నరంధ్రము చేసి వెలుపలికి పోవును. కావున పూర్తయిన మాస్కుపై మనకు కనబడవలసినవి గుండ్రని రంధ్రములు మాత్రమే. అట్లుగాక సొరంగము నిలువునా చీలి కాలువవలె ఉపరితలముపై కనబడినచో, పురుగు తిన్న తరువాత ఉలి నడిచినదని అర్థము. అనగా పాతకొయ్యను తెచ్చి కొత్తగా చెక్కినారన్నమాట. దీనికి చేతి భూతద్దము చాలును. లోపలి సొరంగముల దారి తెలియుటకు, మైనముతో పూడ్చిన పగుళ్లు, అతికించిన ముక్కలు పట్టుకొనుటకు ఎక్స్‌రే చిత్రములు, ఆస్పత్రులలోని సీటీ యంత్రము ఉపయోగించుచున్నవి.

రంగుల సాక్ష్యము ఇంత సూటిగా ఉండదు. సంప్రదాయపు తెలుపు నామపుసుద్ద వంటి తెల్లమట్టి. నలుపు బొగ్గు, మసి, ఆకుల కషాయము. ఎరుపునకు మధ్య ఆఫ్రికాలో వాడు చెక్కపొడిలో కొంత మన రక్తచందనపు దాయాది చెట్లనుండి వచ్చును. తెలుపులో టైటానియం డయాక్సైడు కనబడినదనుకొందము. ఆ రంగు బజారులోనికి వచ్చినది మొదటి ప్రపంచయుద్ధకాలము తరువాత. కావున 1880 నాటి మాస్కు అని చెప్పినవాని మాట నిలువదు. అప్పటి పూతమీద తరువాత రంగు వేసిరా అన్నది చూడవలసియుండును. కాని నీలమును చూచి తొందరపడరాదు. చాకలి గుడ్డలకు పెట్టు నీలిమందు 19వ శతాబ్ది చివరినాటికే ఓడలలో ఆఫ్రికా తీరమునకు చేరినది. యొరుబా శిల్పులు దానిని ఆనందముగా తమ బొమ్మలకు, మాస్కులకు పూసిరి. కార్ఖానా రంగు ఉన్నంతమాత్రమున సంప్రదాయము కాకపోదు. వాడుకలోనున్న మాస్కునకు ఏటేటా కొత్తరంగు వేయుట గ్రామములలో మామూలే. పాశ్చాత్య సేకర్తలకు మాత్రము రంగు వెలసినదే ఇష్టము.

కొన్ని వస్తువులపై పూజలలో పోసిన ద్రవములు ఏండ్లతరబడి పేరుకొని దళసరి పొరగా గట్టిపడును. అది నిజముగా బలిరక్తమా, లేక మసి కలిపిన జిగురా? 2007లో ఫ్రాన్సు పరిశోధకులు మాలీ దేశపు డోగాన్, బమానా వస్తువుల పొరలనుండి నలుసంత తీసి, అణువుల ద్రవ్యరాశిని కొలుచు యంత్రముతో పరీక్షించిరి. రక్తములోని ఎర్రవర్ణకమునకు మూలమైన ‘హీమ్’ అణువు వానిలో దొరకినది. పూర్వపు యాత్రికుల వ్రాతలకు ఇట్లు రసాయనశాస్త్రము తోడైనది.

పాఠకులలో చాలమందికి వెంటనే తోచునది రేడియో కార్బను పరీక్ష. దీనిపై జనులకు అపారవిశ్వాసము. అది ఎంతవరకు తగునో చూతము. వాతావరణములో కొద్దిపాటి కార్బన్-14 ఎల్లప్పుడును పుట్టుచుండును. చెట్టు బ్రతికియున్నంతకాలము దానిని గాలినుండి గ్రహించును. ఏ ఏటి వలయమున చేరినది ఆ వలయముననే నిలిచి, 5730 ఏండ్లకు సగము చొప్పున తరుగుచుండును. 1949లో విల్లర్డ్ లిబ్బీ బృందము ఈ తరుగుదలను గడియారముగా వాడుకొనవచ్చునని నిరూపించినది. వేలయేండ్ల వస్తువులకు ఇది దివ్యముగా పనిచేయును. మాస్కుల విషయమున చిక్కేమనగా, మ్యూజియములలోని కొయ్యమాస్కులు హెచ్చుపాళ్లు 19వ శతాబ్దికి, 20వ శతాబ్ది పూర్వార్ధమునకు చెందినవి. ఉష్ణదేశములలో చెద, తేమ కొయ్యను అంతకన్న ఎక్కువకాలము నిలువనీయవు. సరిగ్గా ఆ కాలమునకే ఈ గడియారము మసకబారును. సుమారు 1650 నుండి 1950 వరకు వాతావరణములోని కార్బన్-14 హెచ్చుతగ్గులకు లోనైనందున, ఒకే కొలతకు 1690 కావచ్చును, 1810 కావచ్చును, 1930 కావచ్చును అని మూడు నాలుగు జవాబులు వచ్చును. ‘రేడియో కార్బను పరీక్ష ప్రకారము 300 ఏండ్ల మాస్కు’ అని వర్తకుడు చూపు కాగితమును ఈ సంగతి తెలిసి చదువవలెను.

కాని 20వ శతాబ్ది చేసిన ఒక ఘోరకార్యము ఈ పరీక్షకు పదునుపెట్టినది. 1950ల మధ్యనుండి గాలిలో పేల్చిన అణుబాంబుల వలన వాతావరణములో కార్బన్-14 విపరీతముగా పెరిగెను. 1963లో అట్టి పరీక్షలను చాలవరకు నిషేధించు ఒప్పందము కుదురునాటికి, ఉత్తరార్ధగోళమున అది పూర్వమున్నదానికి దాదాపు రెట్టింపైనది. ఆనాడు పెరిగిన ప్రతి చెట్టును ఆ ముద్ర వేసికొన్నది. తాతగారు 1920లో ఆడించినదని చెప్పిన మాస్కులో బాంబు కార్బను కనబడినచో, ఇక వాదమక్కరలేదు. 1920లో ఆ కొయ్య ఇంకను పెరుగనే లేదు. దీనికి కొన్ని మిల్లిగ్రాముల కొయ్యపొడి చాలును. అయితే పరీక్ష చెప్పునది కొయ్య పెరిగిన కాలమే గాని ఉలి నడిచిన కాలము కాదు. పాత దూలమును చీల్చి నిన్న చెక్కినను దూలము వయస్సే వచ్చును. మరియొకటి: బొగ్గు, పెట్రోలు మండించుటవలన కార్బన్-14 లేని బొగ్గుపులుసు వాయువు గాలిలో పెరిగి, బాంబుల నాటి పెంపు ఇటీవల దాదాపు సమసిపోయినది. నేటి లేతకొయ్యకు ఆ ముద్ర స్పష్టముగా ఉండదు. ప్రయోగశాల వర్తకుని మాటను అబద్ధమని చూపగలదు; గ్రామములో ఎవరు ఆడిరో చెప్పజాలదు.

అది చెప్పవలసినది చరిత్ర. చరిత్రలోనికి పోయినచో, విదేశీయునకు చెక్కి అమ్ముట నిన్నటి పని కాదని తెలియును. 15వ శతాబ్ది చివరను, 16వ శతాబ్ది మొదటను నేటి సియెర్రా లియోన్ తీరమునందలి సాపి శిల్పులు పోర్చుగీసు నావికుల కోరికపై దంతముతో ఉప్పుగిన్నెలు, వేటకొమ్ములు చెక్కిరి. నేడవి ఐరోపా మ్యూజియములలో అపురూప వస్తువులు! 19వ శతాబ్దిలో లోఆంగో తీరపు శిల్పులు ఏనుగుదంతములపై వర్తకుల, బోయీల, దొరల బొమ్మలు వరుసగా చెక్కి ఓడలవారికి అమ్మిరి. మాస్కులకు గిరాకి వచ్చినది 20వ శతాబ్దిలో. 1906లో చిత్రకారుడు డెరాన్ తన మిత్రుడు వ్లామింక్ వద్ద ఒక ఫాంగ్ మాస్కును కొనెను. 1907లో పికాసో పారిస్‌లోని ట్రొకడేరో మ్యూజియమున ఆఫ్రికా వస్తువులను చూచెను. ఆ చిత్రకారుల మెప్పుతో వర్తకులు మేలుకొనిరి. రెండు ప్రపంచయుద్ధముల నడిమికాలమున పారిస్‌లో ఆఫ్రికా శిల్పమునకు మంచి బజారు ఏర్పడినది. గిరాకి ఉన్నచోట సరకు తయారుకాకుండునా? అందుచేత తొంబదియేండ్ల వయస్సు నిజముగా ఉన్న జ్ఞాపికలు కలవు. వయస్సుకును, ఆటకును ముడిపెట్టరాదని మొదట చెప్పినది ఇందుకే.

ఈ మూడు నియమములకు లొంగని మాస్కులును కలవు. డాన్‌వారు అరచేతిలో ఇముడు చిన్నమాస్కులను చేసికొని వెంట ఉంచుకొందురు. ముఖమునకు పట్టవు గనుక జ్ఞాపికలనుకొందుమేమో. అవి పెద్దమాస్కునకు ప్రతినిధులు, వానికి నైవేద్యము పెట్టుదురు. జాంబియాలో బాలుర దీక్షాకాలమున వచ్చు మకీషి మాస్కులను బెరడు, జిగురు, పుల్లలతో కట్టి, దీక్ష ముగియగానే తగులబెట్టుట ఆచారము. అక్కడ ఆచారము నెరవేర్చిన మాస్కు బూడిద. గెలెడెపై మోటారుసైకిలు, విమానము, కుట్టుమిషను కూడ చెక్కుదురు. అవి చూచి నవ్వుకొనుట ఆ ఉత్సవములోని భాగమే. ఇక డోగాన్‌వారు యాత్రికుల ముందు ఆడుటకు వేరుగా మాస్కులు చెక్కిరి. అవి చెమటతో తడిసినవే, కొయ్య అరిగినవే. వానిని ఏ లెక్కలో వేయవలెను? అరువదియేండ్లకొకమారు వచ్చు వారి ‘సిగి’ ఉత్సవమునకు అనేక మూరల పొడవుగల పెద్దమాస్కును కొత్తగా చెక్కుదురు. గత సిగి 1967లో ప్రారంభమైనది. ఆ పెద్దమాస్కును ముఖమున ధరించరు గనుక దాని లోపలివైపున చెమటజాడ వెదకినను దొరకదు.

మన చేర్యాల చిత్రకారులు రంపపుపొట్టు, చింతగింజల జిగురుతో ముఖములు చేసి నేడు ఇండ్ల గోడలకు అమ్ముచున్నారు. అవి గోడకు చేసినవని వారును దాచరు, కొనువారును ఎరుగుదురు. అట్టి అమ్మకములో నాకు తప్పేమియు తోచదు. ఆఫ్రికా మాస్కు విషయమున చిక్కంతయు ‘ఆడినదే కావలెను’ అను పట్టుదలతో వచ్చినది. ఆ పట్టుదలకు ఒకవైపు నకిలీ పుట్టినది, మరియొకవైపు దొంగతనము. జ్ఞాపికవలన ఎవరి గుడియు ఖాళీ కాలేదు. అసలైనదానికే కన్నములు పడినవి. 1931-33 నడుమ డకార్ నుండి జిబూటి వరకు పోయిన ఫ్రెంచి శాస్త్రయాత్రికులు కొన్ని పూజావస్తువులను గ్రామస్థులను బెదరించి ఎట్లు పట్టుకొనివచ్చిరో, ఆ బృందమునకు లేఖకుడైన మిషెల్ లేరీస్ తన దినచర్యలో వ్రాసి 1934లో అచ్చువేయించెను. తోటివారికి అది రుచింపలేదు.

టాంజానియా జాతీయ మ్యూజియమునుండి 1984లో ఒక మకొండే మాస్కు దొంగిలింపబడెను. మరుసటి ఏడు అది పారిస్ బజారున జెనీవాలోని బార్బియర్-ముల్లర్ మ్యూజియము చేతికి చేరెను. మకొండే మాస్కు తలనంతటిని కప్పు శిరస్త్రాణమువంటిది. మనిషి వెండ్రుకలే అతికింతురు. దొంగసొత్తని బయటపడిన తరువాత కూడ సంప్రదింపులు ఏండ్లతరబడి సాగి, 2010లో గాని అది డార్ ఎస్ సలామ్ చేరలేదు. అక్రమముగా తరలిపోవు ప్రమాదమున్న ఆఫ్రికా వస్తువుల ఎర్రజాబితాను అంతర్జాతీయ మ్యూజియముల సంఘము 2000 సంవత్సరముననే ప్రకటించినది. ఎవరైనను పాతమాస్కు చూపి ‘ఇది నిజముగా ఆడినదే’ అని నమ్మబలికినప్పుడు, కొయ్యను త్రిప్పి చూచుటతో పాటు, అది ఆ ఊరినుండి ఏ సంవత్సరమున, ఎవరి చేతిమీదుగా వెలుపలికి వచ్చినదో తెలుపు కాగితములు కూడ అడుగవలెను. నకిలీ అమ్మువానికన్న దొంగసొత్తు అమ్మువాడు ఆ ప్రశ్నకు ఎక్కువగా తడబడును.